వారు వారిని కొట్టారు

పదకొండింటికి పిలుస్తామన్నారు. పదకొండూ ఇరవై అయింది, తలుపు తెరుచుకోలేదు, తలుపు మీద ‘పిల్లల సంరక్షణ మండలి’ అన్న రేకు బోర్డు ఒక మేకు ఊడి ఫ్యాను గాలికి టకటకా కొట్టుకుంటోంది, కొట్టుకుంటోంది, కొట్టారు, వారు వారిని కొట్టారు, ఛీ, మళ్ళీ అదే. పొద్దున లేచిన దగ్గర్నుంచీ పంటి సందున ఇరుక్కున్న పీచులా ఆ వాక్యం నాలుకకు తగులుతూనే ఉంది. నాలుగో పేజీ, రెండో పేరా. ఫైలు ఒళ్ళో మూసే ఉంది, అయినా అట్టలోంచి కనపడుతోంది. ఇరవై రెండేళ్ళుగా సోషల్ వర్క్ చదివే పిల్లల్ని సందుగొందుల్లో తిప్పి పని నేర్పిన మనిషి, కాలేజీలో చిన్నా పెద్దా అందరూ ఫీల్డ్ మేడమ్ అని పిలిచే మనిషి, మూడు మాటల ముందు ఇలా చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చింది. బెంచీకి ఆ చివర ఆ వాక్యం రాసిన విద్యార్థిని, సంచీని పసిపిల్లలా పొట్టకు అదుముకుని ఉంది. ఎదురు బెంచీ మీద పాప తల్లి. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పని, బ్లీచింగుకి నాని నాని వేళ్ళ కొసలు పాలిపోయాయి, ఆ వేళ్ళతో చేతిరుమాలును నాలుగు మడతలు పెడుతుంది, విప్పుతుంది, మళ్ళీ పెడుతుంది. లోపల పాప తండ్రి. అతన్నే ముందు పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. తొమ్మిది రోజుల కిందట ఈ మండలే, విద్యార్థిని వాళ్ళింటికెళ్ళి విచారించి రాసిన ఈ నివేదిక చదివి, తాగి కొట్టింది తల్లి అనుకుని, ఎనిమిదేళ్ళ పిల్లను తీసుకెళ్ళి, గొడవయ్యాక వేరే ఉంటున్న తండ్రి, ఆ కొట్టినవాడి చేతుల్లోనే పెట్టింది. ఇవాళ ఆఖరి మాట చెబుతారు, పిల్ల అక్కడే ఉండిపోవాలా, తల్లి దగ్గరికి రావాలా.

అలా ఎలా అనుకున్నారంటే, ఎందుకు అనుకోరు? ‘తల్లి గారు ఆరు గంటలకు పని ముగించుకొని ఇంటికి వచ్చారు.’ అక్కడితో ఒక పేరా అయిపోయింది. కొత్త పేరా. ‘వారు మద్యం తీసుకొని ఉన్నారు. వారు వద్దని వారించారు. వారు వారిని కొట్టారు. వారు ఏడుస్తూ పక్కింటి వారి వద్దకు వెళ్ళారు. వారు వారికి మంచినీళ్ళు ఇచ్చారు.’ ఎంత మర్యాద! ఒక్క ‘డు’ లేదు, ఒక్క ‘ది’ లేదు, కొట్టినవాడూ ‘రు’, తిన్నదీ ‘రు’, మధ్యలో నీళ్ళిచ్చిన పక్కింటి దర్జీ ఆవిడా ‘రు’, పేరా పొడుగునా కుక్క గుర్రుమన్నట్టు రు, రు, రు. “కొత్త పేరా పెడితే కొత్త మనిషని తెలుస్తుందనుకున్నా మేడమ్,” అంది విద్యార్థిని నిన్న, ముక్కు ఎగబీలుస్తూ. తెలుస్తుందట. పేరా మారితే మొగుడు మారతాడా అమ్మాయ్ అని ఫీల్డ్ మేడమ్ అరవబోయింది, కానీ అప్పటికే ఆ పిల్ల నీలం అట్ట చేతిపుస్తకం బయటికి తీసింది. కాలేజీ అచ్చేసిన పుస్తకం, ‘నివేదికల్లో గౌరవ భాష’. పదిహేడో పేజీ తెరిచి వేలు పెట్టింది. సేవార్థుల పేర్లు రాయరాదు. వయసు, లింగం, స్థితి చూడక ప్రతి ఒక్కరినీ ‘వారు’ అనే రాయాలి. సేవార్థులంటే సాయానికి వచ్చినవాళ్ళకు కాలేజీ పెట్టిన పేరు. “మీరే రాశారు కదా మేడమ్.” రాసింది తనే.

ఊరికే రాసిందా? పన్నెండేళ్ళప్పుడు బీదపిల్లల హాస్టల్లో వార్డెన్ గది ఊడుస్తూ, బల్ల మీది రిజిస్టరులో తన నంబరు వెతుక్కుంది, పిల్లలకు అదో సరదా. ‘ఇది మొండిది. దీని తల్లి ఇళ్ళల్లో అంట్లు తోముతుంది. దీన్ని కనిపెట్టి ఉండాలి.’ అదే పుస్తకానికి వెనకవైపు సామాన్ల జాబితా. ‘కుర్చీ ఒకటి. ఇది విరిగింది. దీన్ని మార్చాలి.’ అదే చేతిరాత, అదే సిరా. కుర్చీకీ తనకూ ఒకటే మాట. చీపురు పట్టుకుని ఎంతసేపు నిలబడిందో తెలియదు. ఆ రోజు నుంచి వ్యాకరణంతో పగ. మగాడు ఎంత పనికిమాలినవాడైనా ‘వాడు’, వాడికంటూ ఒక మాట ఉంది. ఆడది, ఆవు, అరుగు, గొడ్డలి, అన్నీ కలిపి ‘అది’. పోనీ ఆడవాళ్ళందరూ అదేనా అంటే అదీ కాదు. అయ్యగారి భార్య వస్తే ‘ఆవిడ వచ్చారు’, అంట్లు తోమే మనిషి వస్తే ‘అది వచ్చింది’. భాష అందరిదీ అంటారు గదా, మరి పంచేటప్పుడు మా వాటాకి కుర్చీ మాటే ఎందుకొచ్చింది? ఈ ప్రశ్న ఆమెకు ఏ బడీ నేర్పలేదు, ఏ బడీ జవాబూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరాక ఏ ఆఫీసు ఫైలు తెరిచినా అదే కంపు. ‘అది తాగుబోతు.’ ‘దానికి బుద్ధి లేదు.’ ‘వాడికి సాయం దండగ.’ మీటింగుల్లో బల్లలు గుద్దింది, అర్జీలు పెట్టింది, ఒక డైరెక్టరు ముందు ‘మీ అమ్మగారి గురించి ఇలా రాస్తే ఊరుకుంటారా’ అని అడిగి ఆరు నెలలు మారుమూల ఆఫీసుకు బదిలీ అయింది, తిరిగొచ్చి మళ్ళీ మొదలెట్టింది. పదకొండేళ్ళు పట్టింది ఆ నీలం పుస్తకానికి. గెలిచింది. గెలిచి, ఇదిగో, ఈ బెంచీ మీద కూర్చుంది. ముల్లు తియ్యబోతే కొర్రు దిగిందంటే ఇదే.

“వారుగారూ, ఇంకా పిలవలేదా?” పెద్ద గుమాస్తా ఫైళ్ళు చంకన పెట్టుకుని పోతూ ఆగాడు. వారుగారు అన్నది ఈయన పెట్టిన బిరుదే. పదిహేనేళ్ళ కిందట ఇదే వరండాలో ఈయనతో గొంతులు పగిలేలా పోట్లాడింది. “తెలుగులో ఆడమనిషికి ‘అది’ అనే ఉందండీ, నేను పెట్టానా, నన్నెందుకు ఉరి తీస్తారు?” అని ఆయన, పెట్టలేదు, వాడుతున్నారుగా, మీ ఆవిడ గురించి అనండి చూద్దాం అని తను. ఇంటికెళ్ళి అని ఉంటాడు, వారం రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాడు. మంట ఏమిటంటే, ఈ తప్పును పట్టుకున్నది కూడా ఈయనే. మొన్న ఫోను చేసి, “వారుగారూ, మీ వారు మీ వారిని కొట్టారటగా! ఎవరికి వారే యమునా తీరే అన్నట్టుంది మీ పిల్ల రాసిన నివేదిక. ఇంతకీ పిల్లను సరైన చోటికే పంపామా?” అన్నాడు. మొదట నవ్వింది ఆమె. తరవాత ఫైలు నకలు తెప్పించుకుని చదివింది. చదివింది అంటే ఆ రోజే చదివింది. అంతకు ముందు సంతకం పెట్టింది గానీ చదవలేదు. ఎర్ర కలం పట్టుకుని ఎక్కడైనా ‘అది’ ఉందా, ‘వాడు’ ఉందా అని వెతికింది, లేవు, సంతోషించింది, ప్రతి ‘వారు’ పక్కనా ఒక టిక్కు పెట్టింది. ‘వారు వారిని కొట్టారు.’ టిక్కు, టిక్కు. చివర ‘చాలా బాగుంది’ అని రాసి సంతకం. మర్యాద ఉందా లేదా అని చూసింది, దెబ్బ ఎవరికి తగిలిందో చూడలేదు. బియ్యంలో రాళ్ళేరుతూ కూర్చుంది, అవతల ఇల్లు కాలిపోతోంది.

లోపల్నుంచి పాప తండ్రి గొంతు. మెత్తగా, నూనె రాసినట్టు. “తమరికి తెలియనిది ఏముంది మేడమ్ గారూ... మా ఆవిడ గారు పనిలో పడి... నేనైతే పాపను కళ్ళలో పెట్టుకుని...” తమరు. గారు. చూడు, వాడికి ఎంత బాగా వచ్చో గౌరవ భాష, చేతిపుస్తకం వాడే రాసుంటే ఇంకా బాగుండేది. హాస్టల్లో చేరకముందు ఇంట్లో, తన తల్లి కూడా తండ్రితో మాటామాటా అనుకున్న రోజున ఒక్కసారిగా మర్యాదలోకి దిగేది. “తమరు దయచేశారా? తమరికి ఆకలేస్తోందా?” ఆ తమరులు పళ్ళేల కంటే గట్టిగా మోగేవి, పిల్లలు మూలకు చేరేవాళ్ళు. అదే తల్లి, పొద్దుపోయి ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా “అది తిన్నదా?” అని అడిగేది. అది అంటే తను. “దానికి జ్వరం తగ్గిందా? దాని జుట్టు ఎవరు దువ్వారు?” కుర్చీ మాటే. అక్షరం తేడా లేదు. ఆ ‘అది’ వింటూ నిద్రలోకి జారుకోవడం కంటే హాయి ఆమెకు ఈ జన్మలో మళ్ళీ దొరకలేదు. మరి ఆ మాటను ఏ పేజీలో పెట్టాలి? దానికి నియమం ఏం రాయాలి? తల్లి నోట అయితే సరే, రిజిస్టరులో అయితే తప్పు అనా? ఇన్నేళ్ళలో ఈ మాట ఒక్క కమిటీలోనూ అనలేకపోయింది. అంటే పెద్ద గుమాస్తా చప్పట్లు కొడతాడని భయం.

“అందులో నా గురించి ఏం రాశారమ్మా?” పాప తల్లి అడిగింది. ఇంతసేపట్లో అదే మొదటి మాట. ఆమెకు చదవడం రాదు, నోటీసు వచ్చినా ఏం కాగితమో తెలియక లాండ్రీలో సూపరువైజరుకు చూపించేసరికి వాయిదా రోజు దాటిపోయింది, అందుకే మొదటిసారి ఆమె మాట ఎవరూ వినలేదు. విద్యార్థిని ఫీల్డ్ మేడమ్ వంక చూసింది. చదువు, అని ఆమె తలూపింది. విద్యార్థిని ఫైలు అందుకుని చదివింది, సన్నగా, గోడవైపు తిరిగి. ‘వారు వారిని కొట్టారు’ దగ్గర తల్లి చెయ్యెత్తి ఆపింది.

“ఎవరు ఎవర్ని?”

“అంటే... ఆయన పాపని...”

“ఆయనెవరు?”

“మీ... అదే, పాప వాళ్ళ నాన్న.”

“వాణ్ణి వారన్నారా?” రుమాలు కింద పడింది. “తాగొచ్చి పిల్ల మీద బెల్టు ఎత్తినవాణ్ణి? పదేళ్ళు కాపురం చేశా, నాకే వాడు ఏనాడూ వారు కాలేదు, మీకెలా అయ్యాడమ్మా? మరి నేను?”

“మీరూ వారే అండీ. అందరినీ సమానంగా...”

“సమానమా!” ఒక నవ్వు నవ్వింది, వరండా చివర కూర్చున్నవాళ్ళు తిరిగి చూశారు. “నేనూ వాడూ సమానమని కాగితం మీద రాసి నా పిల్లని వాడికిచ్చారా? నన్ను అది అనండి, ఇది అనండి, దయ్యం అనండి, పడతా. కొట్టింది నేను కాదని ఒక్క ముక్క రాయడానికి ఏం రోగం?”

ఏం రోగం? ఫీల్డ్ మేడమ్‌కు తెలుసు. మర్యాద రోగం. నన్ను అది అంటే పడతా అనడం మాత్రం తప్పమ్మా, పడకూడదు, పడకూడదనే గదా ఈ గోలంతా. అయినా ఇప్పుడా ఆ పాఠం? సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. పదకోశం సారు. కాలేజీలో గౌరవ భాషా కమిటీకి పెద్ద, జేబులో ఎప్పుడూ ఓ కొత్త పదం ఉంటుంది. వచ్చే నెల ఇంకో తొమ్మిది కాలేజీలు నీలం పుస్తకం తీసుకుంటున్నాయి, ఆయన బెంగ ఆయనది.

“మేడమ్, వివరణ ఇవ్వండి, తప్పు లేదు. సర్వనామం మాత్రం మార్చకండి. మార్చామంటే నియమం తప్పని ఒప్పుకున్నట్టే.”

“అయితే ఎవరు కొట్టారని చెప్పమంటారు సార్?”

“వ్యక్తిని చర్యతో ముడిపెట్టకూడదు కదా. ‘ఆ ఇంట్లో దెబ్బ సంభవించింది’ అనొచ్చు.”

“సంభవించిందా? వాన పడ్డట్టా?”

“‘హింసానుభవం గల వారు’ అన్న ప్రయోగం కూడా ఉంది మేడమ్, కొత్తగా...”

“కొట్టినవాడికా, తిన్నవాళ్ళకా?”

“ఇద్దరికీ సరిపోతుంది. అదే దాని అందం.”

అందం! ఫోను కట్టేసింది, చెప్పకుండానే. చెవి మండుతోంది. వీళ్ళకు మాట అంటే దుప్పటి, కింద ఏం ఉందో ఎవరికీ కనపడకుండా ఈ చివర నుంచి ఆ చివరకు లాగి కప్పుతారు. తను అడిగింది ఇదా? తను అడిగింది మనిషిని మనిషిగా రాయమని. మనుషులే లేకుండా రాయమని కాదు. కాదు గానీ, పదిహేడో పేజీ ఎవరిది? పదకోశం సారును తిట్టుకుంటూ కూర్చుంటే పదిహేడో పేజీ సారుది అయిపోతుందా? గడియారం పదకొండూ యాభై. తలుపు వెనక కుర్చీ జరిగిన చప్పుడు. అతన్ని అడగడం అయిపోయినట్టుంది. “అమ్మాయ్,” అంది విద్యార్థినితో, “ఇంటికెళ్ళి మాట్లాడిన రోజు నువ్వు నేరుగా ఇదే రాశావా? చేతిలో ఏదైనా రాసుకున్నావా?” విద్యార్థిని తలొంచుకుంది. “ఫీల్డు డైరీ ఉంది మేడమ్. అందులో మర్యాద లేదు. పెన్సిలుతో పాప ఎలా చెబితే అలా రాసేశా. తరవాత ఇంట్లో కూర్చుని అన్నీ ‘వారు’ చేశా.” తియ్యి, అంది ఆమె. సంచీ అడుగు నుంచి, టిఫిను డబ్బా కింద నుంచి, మూలలు నలిగిన చిన్న పుస్తకం బయటికొచ్చింది.

‘నాన్న తాగొచ్చాడు. అమ్మ వద్దంది. నాన్న నన్ను బెల్టుతో కొట్టాడు. అమ్మ అడ్డం వస్తే అమ్మని తోశాడు. నేను ఏడ్చుకుంటూ పక్కింటికి పోయి దర్జీ అత్త మిషను కింద దూరా. అత్త నీళ్ళిచ్చింది. నేను తాగలా.’

నాన్న, అమ్మ, నేను, అత్త. ఎనిమిదేళ్ళ పిల్ల. అందరికీ ఎవరి పేరు వాళ్ళకు పెట్టి ఎవరి చెయ్యి వాళ్ళకు తగిలించి చెప్పింది, ఎక్కడా ఒకరు ఇంకొకరిలో కలిసిపోలేదు. ఏ కమిటీలో కూర్చుంది అది? అది. అనేసింది, లోపలే, తల్లి అడిగినట్టు. అది నీళ్ళు తాగలేదట. ఆ ఒక్క ముక్క నివేదికలో లేనే లేదు, ‘వారు వారికి మంచినీళ్ళు ఇచ్చారు’తో సరి. ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు ఏం నేర్పింది తను? వినడం వచ్చిన పిల్లకు, విన్నదాన్ని విన్నట్టు రాసుకున్న పిల్లకు, ఇంటికెళ్ళి చెరిపెయ్యమని నేర్పింది. ఏడవడానికి ఇక్కడికి రాలేదు అనుకుని ఎర్ర కలం తీసింది. ఫైలు తెరిచి తల్లి పక్కకు వెళ్ళి కూర్చుంది. “నాలుగో పేజీ. చదువు అమ్మాయ్, ఒక్కో వాక్యం. మీరు చెప్పండమ్మా, ఎక్కడ ఎవరో.” విద్యార్థిని ఒక్కో మాట చూపించి చదువుతోంది, తల్లి పాలిపోయిన వేలు అక్కడే ఆనిస్తోంది. “ఇది వాడు. ఇది నేను. ఇది మళ్ళీ వాడు. ఇది పిడుగు.” పిడుగు అంటే పాప, ఇంట్లో పిలుపు అది. తను పెట్టిన టిక్కుల మీదే, టిక్కులు కనపడకుండా గట్టిగా కొట్టేసి, పైన రాస్తోంది ఆమె: తండ్రి. తల్లి. తండ్రి. పాప. ఎర్ర సిరా వేలికి అంటుకుంది. చివర కింద రాసింది, ఈ తప్పు విద్యార్థినిది కాదు, చదవకుండా సంతకం పెట్టిన నాది. ఈసారి చదివి సంతకం పెట్టింది.

తలుపు తెరుచుకుంది, ముగ్గురినీ లోపలికి పిలిచారు. లోపల గది చిన్నది, కిటికీకి తెర లేదు, ఎండ నేరుగా మండలి అధ్యక్షురాలి కళ్ళజోడు మీద పడుతోంది. పాప తండ్రి గోడ పక్క కుర్చీలో, మోకాళ్ళ మీద చేతులు బుద్ధిగా పెట్టుకుని. అధ్యక్షురాలు ఎర్ర సిరా పేజీ చూసింది, తరవాత డైరీ పెన్సిలు రాత చూసింది, రెండోసారి చూసింది. “నేను తాగలా,” అని పైకే చదివి ఆగింది. “ఇది మొదటే ఇస్తే ఏం పోయేదమ్మా?”

“మర్యాద పోయేదని ఇవ్వలేదండీ,” అంది ఫీల్డ్ మేడమ్. “తొమ్మిది రోజులు పోయాయి.”

“చిన్నపిల్లల మాటలండీ, తమరు పెద్దవారు...” అన్నాడు అతను లేచి, మెత్తగా.

“కూర్చోండి,” అంది అధ్యక్షురాలు. తరవాత తల్లిని అడిగింది, నిలబెట్టి కాదు, కూర్చోమని, ఒక్కొక్కటే. తల్లి చెప్పింది. వాడు అనే చెప్పింది, మొదటి నుంచి చివరిదాకా, ఒక్కసారి కూడా తడబడకుండా. దర్జీ ఆవిడ నిన్న ఇచ్చిన వాంగ్మూలం కూడా విన్నారు. ఎదుటి గోడ గడియారంలో పన్నెండు దాటింది. అధ్యక్షురాలు పాత ఉత్తర్వును అడ్డంగా కొట్టేసి, సాయంత్రంలోగా పాపను తీసుకురమ్మని చెప్పి, కొత్తది రాయమంది. పెద్ద గుమాస్తా మూల బల్ల దగ్గర టపటపా కొట్టాడు, కాగితం లాగాడు, చదివాడు: “‘ఇందుమూలముగా వారిని వారికి అప్పగించవలెను.’”

ఫీల్డ్ మేడమ్‌కు అరికాలి మంట నడినెత్తికెక్కింది.

“ఎవర్ని ఎవరికండీ?”

“మీ పుస్తకంలో ఉన్నట్టే కొట్టానండీ. పదిహేడో పేజీ.” వెటకారం లేదు ఆయన గొంతులో. నిజంగానే భయపడి, నిజంగానే నియమం చూసుకుని రాశాడు.

“ఆ పేజీ చింపెయ్యండి. పాపని తల్లికి అని కొట్టండి.”

“గారు పెట్టాలా?”

“మీ ఇష్టం. ముందు మనుషుల్ని పెట్టండి.”

కొట్టాడు. సంతకం అయింది, ముద్ర పడింది. తల్లి కాగితాన్ని రెండు చేతులతో తీసుకుని వరండాలోకి వచ్చి, వెలుతురుకు ఎత్తి పట్టుకుంది, తలకిందులుగా ఉందేమోనని తిప్పింది, మళ్ళీ తిప్పింది. “ఇందులో నేనెక్కడున్నానమ్మా?” ఆమె వేలు పట్టుకుంది ఫీల్డ్ మేడమ్, బ్లీచింగుకి గరుకెక్కిన వేలు, ఎర్ర సిరా అంటిన తన వేళ్ళతో పట్టుకుని, వరుసలో ‘తల్లికి’ అన్న మాట మీద ఆనించింది.

“ఇది మీరు.”